వెనక డ్రమ్ము బ్రేకులు పట్టేశాయా? డ్రమ్ము విప్పకముందే కారణం పట్టుకోవడం ఎలా

వెనక చక్రం కదలకుండా బిగుసుకుపోయిన కారును చూడగానే చాలామంది చేయి సుత్తి మీదికే పోతుంది. చక్రం తీసి, డ్రమ్మును నాలుగు దెబ్బలు వేసి ఊడదీస్తే సంగతేమిటో తెలుస్తుందని నమ్మకం. డ్రమ్ము ఊడుతుంది, నిజమే. దానితో పాటు సాక్ష్యం కూడా పోతుంది. షూలను (డ్రమ్ము లోపలి గోడకు రాసుకుని బ్రేకు వేసే వంపు పట్టీలను) డ్రమ్ముకు అదిమిపెట్టి ఉంచింది హ్యాండ్ బ్రేక్ కేబులా, బ్రేక్ ఆయిల్ ఒత్తిడా, లోపలి తుప్పా అన్నది చక్రం బిగిసి ఉన్నప్పుడే తేలుతుంది. ఒకసారి విప్పాక అన్నీ అమాయకంగానే కనిపిస్తాయి. మీరు దుమ్ము తుడిచి మళ్లీ బిగిస్తారు, కొద్దిరోజులకే అదే చక్రం మళ్లీ పట్టేస్తుంది.

అందువల్ల ఇక్కడ డ్రమ్ము విప్పడం ఆఖరి పని. ముందు లక్షణాలు, తర్వాత కేబుల్, ఆ తర్వాత ఆయిల్ ఒత్తిడి. ఇవన్నీ చూశాకే డ్రమ్ము.

షూలు ఎందుకు వెనక్కి రావు?

పెడల్ నొక్కితే మాస్టర్ సిలిండర్ (పెడల్ బలాన్ని ఆయిల్ ఒత్తిడిగా మార్చే భాగం) నుంచి వచ్చే ఒత్తిడి, చక్రం దగ్గరున్న వీల్ సిలిండర్‌లోని రెండు పిస్టన్లను చెరో పక్కకు నెడుతుంది. అవి రెండు షూలను విడదీసి డ్రమ్ము లోపలి గోడకు ఆనిస్తాయి. కాలు తీస్తే రిటర్న్ స్ప్రింగులు షూలను వెనక్కి లాగుతాయి. హ్యాండ్ బ్రేక్‌ది వేరే దారి. లీవర్ ఎత్తితే కేబుల్ లాగబడుతుంది, కేబుల్ కొస ఒక షూకు తగిలించిన చిన్న లీవర్‌ను లాగుతుంది, ఆ లీవర్ మధ్యనున్న అడ్డపట్టీని నెట్టి రెండు షూలనూ విడదీస్తుంది.

అంటే షూలు వెనక్కి రాకపోవడానికి ఉన్నవి మూడే దారులు: కేబుల్ వదలకపోవడం, ఆయిల్ ఒత్తిడి దిగకపోవడం, లోపల ఏదో పట్టేయడమో అడ్డుపడడమో. ఎన్ని రకాల భాగాలు చెడినా అన్నీ ఈ మూడింట్లో ఏదో ఒకదాని కిందికే వస్తాయి.

డ్రమ్ము బ్రేకుకు ఇంకో గుణం ఉంది. చక్రం తిరిగే దిశలో ముందుండే షూను డ్రమ్మే తనతో పాటు లాక్కుని ఇంకా గట్టిగా అదుముకుంటుంది. మామూలు వేళ ఇది మేలే, తక్కువ బలంతో ఎక్కువ బ్రేకు పడుతుంది. ఏదైనా తేడా వచ్చినప్పుడు మాత్రం కొద్దిపాటి రాపిడి కాస్తా పూర్తి బిగుతుగా మారుతుంది. ఊడొచ్చిన లైనింగ్ (షూ మీద అంటించిన రాపిడి పొర) ముక్క షూకూ డ్రమ్ముకూ మధ్య ఇరుక్కుంటే ముందుకు పోయే కొద్దీ బిగుసుకుంటుంది. కాస్త వెనక్కి దొర్లిస్తే వదిలేస్తుంది. ఇలా జరిగితే ఆ సంగతి గుర్తు పెట్టుకోండి, కేబుల్ తప్పో ఆయిల్ తప్పో అయితే ముందుకైనా వెనక్కైనా పెద్ద తేడా కనిపించదు.

ముట్టుకోకముందు జాగ్రత్తలు

కారు సమతలంగా ఉన్న గట్టి నేల మీద ఉండాలి. హ్యాండ్ బ్రేక్ దించి, వెనక భాగాన్ని జాకీ మీద ఎత్తబోతున్నారు కాబట్టి కారును ఆపేది ముందు చక్రాలు మాత్రమే. వాటికి ముందూ వెనకా చెక్క దిమ్మెలు గట్టిగా పెట్టండి. వీల్ నట్లను చక్రం నేల మీద ఉండగానే కొద్దిగా వదులు చేయండి. జాకీతో ఎత్తాక స్టాండ్లు పెట్టండి. జాకీని నమ్ముకుని కారు కిందికి తల పెట్టకూడదు.

కారు అప్పటిదాకా నడిచి ఉంటే డ్రమ్ము మాడిపోయేంత వేడిగా ఉంటుంది. చేతిని దగ్గరగా పెట్టి వేడి చూడండి, తాకకండి. చల్లబరచాలని నీళ్లు పోయకండి, పోత ఇనుము పగలవచ్చు. బ్రేక్ దుమ్మును గాలి పంపుతో ఊదకూడదు. పాత లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉండేది, దాని దుమ్ము ఊపిరితిత్తులకు ప్రమాదం. బ్రేక్ క్లీనర్‌తో తడిపి, ఆ మురికిని గుడ్డతో ఎత్తేయండి. బ్రేక్ ఆయిల్ పెయింటు మీద పడితే పెయింటు లేస్తుంది, పడిన వెంటనే నీళ్లతో కడగండి.

కొన్ని కార్లలో హ్యాండ్ బ్రేక్ లీవర్ బదులు స్విచ్ ఉంటుంది, మోటారు కేబుల్‌ను లాగుతుంది. అలాంటి కారును తయారీదారు చెప్పిన సర్వీస్ మోడ్‌లో పెట్టకుండా కేబుల్ జోలికి వెళ్లకండి.

ఒకటి: లక్షణాలు విచారించండి

పానా పట్టుకునే ముందు డ్రైవరును, అది మీరే అయితే మిమ్మల్ని మీరే, కొన్ని ప్రశ్నలు అడగాలి. సగం కారణం ఇక్కడే దొరుకుతుంది.

వానలోనో కడిగిన తర్వాతో హ్యాండ్ బ్రేక్ వేసి కొన్నాళ్లు వదిలేశారా? అప్పుడు లైనింగు డ్రమ్ముకు తుప్పుతో అతుక్కుని ఉండే అవకాశం ఎక్కువ. గడ్డకట్టే చలి ఉన్న చోట లోపల చేరిన నీరు మంచుగా మారి పట్టేయవచ్చు కూడా. దిగుడు రోడ్డు మీద బాగా బ్రేకులు వేసి, వేడిగా ఉన్న డ్రమ్ము మీద హ్యాండ్ బ్రేక్ గట్టిగా లాగి ఆపారా? వేడికి డ్రమ్ము వ్యాసం పెరుగుతుంది, చల్లారాక కుంచించుకుని షూలను పట్టేస్తుంది. ఇందులో చెడిపోయిన భాగం అంటూ ఏదీ లేకపోవచ్చు.

బయలుదేరినప్పుడు బాగానే ఉండి, కొంత దూరం పోయాక పట్టేస్తోందా? ఇది ఆయిల్ వైపు చూపించే లక్షణం. వేడెక్కిన ఆయిల్ వ్యాకోచిస్తుంది. పెడల్ మీద కాలు లేనప్పుడు ఆ అదనపు ఆయిల్ మాస్టర్ సిలిండర్‌లోని సన్నని రంధ్రం గుండా ట్యాంకులోకి వెళ్లాలి. ఆ రంధ్రం మూసుకుంటే ఒత్తిడి పెరుగుతూ పోతుంది, ఎవరూ బ్రేకు వేయకుండానే బ్రేకు పడుతుంది. హ్యాండ్ బ్రేక్ వాడిన తర్వాతే పట్టేస్తోందంటే కేబుల్‌నో, దాని కొసనున్న చిన్న లీవర్‌నో అనుమానించాలి.

తర్వాతి ప్రశ్న: ఒక చక్రమా, రెండూనా, ఇంకేదైనా చక్రం కూడానా? ఒక్క చక్రమే అయితే తప్పు ఆ చక్రం దగ్గరో, దానికి వెళ్లే కేబుల్‌లోనో, దాని హోస్ పైపులోనో ఉంటుంది. రెండు వెనక చక్రాలూ ఒకేసారి పట్టేస్తే రెండింటికీ ఉమ్మడిగా ఉన్న భాగం చూడాలి: లీవర్ నుంచి వచ్చే ఉమ్మడి కేబుల్, లేదా వెనక యాక్సిల్‌కు ఒకే హోస్ ఉన్న కారైతే ఆ హోస్. ఎడమ వెనక చక్రంతో పాటు కుడి ముందు చక్రం కూడా వేడెక్కుతోందా? చాలా కార్లలో బ్రేక్ లైన్లు ఇలా మూలమూలకు జత చేసి ఉంటాయి. అప్పుడు డ్రమ్ము విప్పి ప్రయోజనం లేదు, మాస్టర్ సిలిండర్ వైపు వెళ్లాలి. నాలుగూ పట్టేస్తే పెడల్, పుష్‌రాడ్ (పిస్టన్‌ను నెట్టే కడ్డీ), బూస్టర్ (కాలి బలాన్ని పెంచే భాగం), మాస్టర్ సిలిండర్‌లలో తప్పు వెతకాలి, లేదా బ్రేక్ ట్యాంకులో ఇంజన్ ఆయిల్ వంటిది ఎవరైనా పోశారేమో చూడాలి. ఖనిజ నూనె తగిలితే బ్రేకుల్లోని రబ్బరు సీళ్లన్నీ ఉబ్బిపోతాయి.

బ్రేకు వేసినప్పుడు మాత్రమే వెనక చక్రం జారి, కాలు తీయగానే మామూలుగా తిరుగుతుంటే అది పట్టేయడం కాదు, తొందరపడి లాక్ కావడం. దాని గురించి చివర్లో చెబుతాను.

రెండు: పట్టేసింది బ్రేకేనా?

ఇది చిన్న పరీక్షే కానీ వదిలేయకండి. వెనక చక్రాలతో నడిచే కారులో గేరు న్యూట్రల్‌లో ఉందో లేదో చూడండి. గేర్‌బాక్సు, డిఫరెన్షియల్ బిగుసుకున్నా వెనక చక్రం తిరగదు. ముందు చక్రాలతో నడిచే కారులో ఆ అనుమానం లేదు, బేరింగు ఒక్కటే మిగులుతుంది. బేరింగు పట్టేసే ముందు చాలా దూరం గురగురమంటూ మూలుగుతుంది, చక్రాన్ని పైనా కిందా పట్టి ఊపితే వదులు కదలిక కనిపిస్తుంది. రెండూ లేకపోతే బ్రేకులోనే ఉంది సంగతి.

మూడు: కేబుల్

హ్యాండ్ బ్రేక్ పూర్తిగా దించి కారు కిందికి చూడండి. లీవర్ నుంచి వచ్చే కేబుల్ ఒక పట్టీ దగ్గర రెండుగా చీలి చెరో చక్రానికి వెళుతుంది. ఆ పట్టీకి ముందున్న భాగాన్నీ, వెనకున్న భాగాన్నీ వేళ్లతో పట్టి లాగి చూడండి. ముందు భాగం వదులుగా వేలాడుతూ, చక్రం వైపు వెళ్లే భాగం వీణ తీగలా బిగిసి ఉంటే దొంగ దొరికినట్టే: కేబుల్ దాని తొడుగు లోపల తుప్పుపట్టి ఇరుక్కుంది. లాగినప్పుడు మనిషి బలానికి ముందుకు జరిగింది, వదిలినప్పుడు వెనక్కి లాగడానికి ఉన్న చిన్న స్ప్రింగు బలం చాలలేదు. తొడుగు పగిలి నీరు దిగే చోటు ఎక్కువగా చక్రం దగ్గరే ఉంటుంది, కేబుల్ వంగి బ్యాకింగ్ ప్లేటులోకి (డ్రమ్ము వెనక షూలను మోసే పలకలోకి) దూరే చోట.

ఇప్పుడు నిర్ధారణ. పట్టీ దగ్గరున్న సర్దుబాటు నట్టును పూర్తిగా వదులు చేయండి. అంతకుముందు ఎన్ని మరలు బయటికి ఉన్నాయో ఫోటో తీసి పెట్టుకోండి. వదులు చేయగానే చక్రం తిరిగిందా? అయితే కేబుల్‌ను అతిగా బిగించి ఉంచారన్న మాట. తిరగకపోతే తొడుగును ఒక చేత్తో పట్టుకుని లోపలి తీగను చక్రం వైపు తోయండి. అలా తోసినప్పుడు చక్రం వదిలితే కేబుల్ మార్చాల్సిందే. తొడుగులోకి నూనె పోసి ఆడించి సరిపెట్టుకునేవారు ఉంటారు. అది కారును ఇంటిదాకా చేర్చడానికి పనికొస్తుంది, అంతకు మించి నమ్మకండి.

తీగ వదులుగా ఉండి కూడా చక్రం తిరగకపోతే కేబుల్ తప్పు లేదు. కొసనున్న చిన్న లీవర్ ఇరుసు దగ్గర తుప్పుపట్టి ఉండవచ్చు, అది డ్రమ్ము విప్పాకే తెలుస్తుంది.

నాలుగు: ఆయిల్ ఒత్తిడి

బ్యాకింగ్ ప్లేటు వెనక, వీల్ సిలిండర్ మీద చిన్న బ్లీడర్ నిపుల్ (లైనులోంచి గాలి, ఆయిల్ బయటికి వదిలే మర) ఉంటుంది. దాని చుట్టూ తుప్పు ఉంటే వైరు బ్రష్‌తో తోమి, తుప్పు వదిలించే నూనె వేసి కాసేపు ఆగండి. తొందరపడి తిప్పితే విరుగుతుంది, అప్పుడు సిలిండరే మార్చాలి. నిపుల్‌కు సన్నని ట్యూబు తగిలించి, రెండో కొస సీసాలో పెట్టి, సరిపోయే రింగు పానాతో సగం చుట్టు తిప్పండి. ఆ క్షణంలో ఏం జరుగుతుందో చూడటమే ఈ పరీక్ష మొత్తం.

ఆయిల్ బలంగా చిమ్మి, వెంటనే చక్రం వదిలేసిందంటే లైనులో ఒత్తిడి చిక్కుకుని ఉంది. చుక్కలు చుక్కలుగా కారి, చక్రం బిగిసే ఉంటే ఆయిల్‌కు ఈ గొడవతో సంబంధం లేదు. మధ్యరకం ఒకటి ఉంది: కొన్ని పాత కార్లలో డ్రమ్ము బ్రేకు లైనులో కావాలనే కొద్దిపాటి ఒత్తిడి నిలిపి ఉంచే కవాటం పెట్టేవారు. కాబట్టి కొద్దిగా చిమ్మినంత మాత్రాన తీర్పు చెప్పకండి, చక్రం వదిలిందా లేదా అన్నదే కొలమానం.

ఒత్తిడి చిక్కుకుందని తేలితే ఎక్కడన్నది తేల్చాలి. నిపుల్ మూసి, పెడల్ నొక్కి వదిలి చక్రాన్ని మళ్లీ పట్టేయనివ్వండి. ఈసారి చక్రం దగ్గర కాకుండా, ఇనుప పైపు రబ్బరు హోస్‌లోకి కలిసే నట్టును కొద్దిగా వదులు చేయండి. చక్రం వదిలితే తప్పు అంతకు ముందుంది, అంటే మాస్టర్ సిలిండర్ వైపు. వదలకపోతే, అదే సమయంలో నిపుల్ తెరిస్తే మాత్రం వదిలితే, తప్పు హోస్‌లో ఉంది. పాత హోస్ బయటికి కొత్తదానిలా కనిపిస్తూనే లోపల వాచి, పొర లేచి, ఒకవైపే తెరుచుకునే తలుపులా పనిచేస్తుంది. మీ కాలి బలానికి ఆయిల్ అటు వెళుతుంది, స్ప్రింగుల బలానికి తిరిగి రాలేదు. పైపైన చూసి హోస్ బాగుందని తేల్చేయడం వల్లనే ఈ తప్పు నెలల తరబడి దొరకకుండా ఉండిపోతుంది.

మాస్టర్ సిలిండర్ వైపు అని తేలితే దాన్ని వెంటనే మార్చేయకండి. పెడల్ పూర్తిగా పైకి వస్తోందా, కింద మ్యాటు అడ్డుపడుతోందా చూడండి. తర్వాత మాస్టర్ సిలిండర్‌ను బూస్టర్‌కు పట్టి ఉంచే రెండు నట్లను కొద్దిగా వదులు చేసి, సిలిండర్‌ను కొన్ని మిల్లీమీటర్లు ముందుకు జరపండి. అప్పుడు చక్రాలు వదిలితే పుష్‌రాడ్ పొడవు ఎక్కువై పిస్టన్‌ను ఎప్పుడూ కొద్దిగా నొక్కి ఉంచుతోంది, లేదా బూస్టర్ తిరిగి రావడం లేదు. జరిపినా వదలకుండా, సిలిండర్ దగ్గర పైపు నట్టు వదులు చేస్తేనే వదిలితే అప్పుడు మాస్టర్ సిలిండరే దోషి.

ఈ పరీక్షల్లో లైనులోకి గాలి చేరుతుంది. పని ముగిశాక గాలి తీయడం తప్పదు. ట్యాంకు మూత మీద రాసి ఉన్న రకం ఆయిలే వాడండి. డాట్ 3, డాట్ 4 ఒక జాతివి, సిలికోన్‌తో చేసిన డాట్ 5 వేరే జాతి, దాన్ని వీటితో కలపకూడదు.

ఐదు: ఇప్పుడు డ్రమ్ము

కేబుల్ వదులుగా ఉంది, నిపుల్ తెరిచి ఉంది, అయినా చక్రం తిరగదు. ఇక లోపలి సంగతే.

తుప్పుతో అతుక్కున్న అనుమానం ఉంటే ముందు, నిపుల్ మూసి, కారును స్టాండ్ల మీంచి నేలకు దించి, వీల్ నట్లు బిగించి, దిమ్మెలు తీసి, కారును గేరులో మెల్లగా ముందుకు ఒకసారి, వెనక్కి ఒకసారి కదిలించి చూడండి. టక్కుమన్న శబ్దంతో వదలవచ్చు. రెండు మూడుసార్లకు వదలకపోతే ఆపేయండి, ఇంకా గుంజితే లైనింగు షూ నుంచి ఊడొస్తుంది.

డ్రమ్ము ఊడదీయాలంటే ముందు షూలను లోపలికి తీసుకోవాలి. బ్యాకింగ్ ప్లేటులోనో డ్రమ్ము ముఖం మీదనో రబ్బరు బిరడాతో మూసిన చిన్న సందు ఉంటుంది. అందులోంచి సన్నని స్క్రూడ్రైవరుతో ఆటో అడ్జస్టర్ (లైనింగు అరిగే కొద్దీ షూలను డ్రమ్ముకు దగ్గర చేసే ఏర్పాటు) పంజాను పక్కకు నెట్టి, ఇంకో స్క్రూడ్రైవరుతో పళ్ల చక్రాన్ని వెనక్కి తిప్పండి. పంజాను నెట్టకుండా తిప్పబోతే పళ్లు అరుగుతాయి తప్ప చక్రం తిరగదు. చాలా డ్రమ్ముల ముఖం మీద మరలున్న రెండు రంధ్రాలు ఉంటాయి. వాటిలో సరైన బోల్టులు వేసి అటు కొంత, ఇటు కొంత బిగిస్తూ పోతే డ్రమ్ము తనంతట తానే బయటికి వస్తుంది. సుత్తి వాడాల్సి వస్తే స్టడ్ల మధ్య ముఖం మీద కొట్టండి. అంచు మీద కొడితే పగులుతుంది.

డ్రమ్ము రాగానే దేన్నీ కదపకుండా ఫోటో తీయండి. అటుపక్క డ్రమ్ము విప్పకుండా ఉంచండి, ఏ స్ప్రింగు ఎక్కడుండాలో సందేహం వస్తే అది మీకు నమూనా.

తర్వాత చూడాల్సినవి. లైనింగు ముక్క ఊడి అడుగున పడి ఉందా, లేక డ్రమ్ముకే అంటుకుని వచ్చిందా? స్ప్రింగు విరిగిందా, సాగిందా? వేడికి నీలిరంగు తిరిగిన స్ప్రింగు బిగువు పోయినట్టే లెక్క. హ్యాండ్ బ్రేక్ చిన్న లీవర్‌ను వేలితో లాగి వదిలితే తన ఆనుడు దాకా తిరిగి వస్తోందా? వీల్ సిలిండర్ రబ్బరు తొడుగు అంచు ఎత్తి చూడండి, లోపల తడి కారితే సీలు పోయింది. పిస్టన్ కదలిక చూడటానికి ఒక షూను చేత్తో లోపలికి నెట్టండి, పిస్టన్ దానితో పాటు జరగాలి. రెండో వైపు కూడా అలాగే. ఒక పిస్టన్ మొరాయిస్తే సిలిండర్ మార్చండి. డ్రమ్ము లేకుండా పెడల్ మాత్రం నొక్కకండి, పిస్టన్లు బయటికి వచ్చేస్తాయి.

ఇక్కడే చాలామంది కంటికి ఆనని చోటు ఒకటి ఉంది. షూలు జరిగేటప్పుడు వాటి అంచులు బ్యాకింగ్ ప్లేటు మీద ఉబ్బెత్తుగా ఉన్న కొన్ని బల్లపరుపు చోట్ల మీద రాసుకుంటాయి. ఏళ్ల తరబడి రాపిడికి అక్కడ గాడి పడుతుంది. షూ బయటికి వెళ్లేటప్పుడు గాడి దాటుతుంది, వెనక్కి వచ్చేటప్పుడు అంచుకు తట్టుకుని ఆగిపోతుంది. షూను పక్కకు జరిపి అక్కడ గోటితో తడిమితే తెలుస్తుంది. గాడి లోతుగా లేకపోతే ఆకురాయితో చదును చేసి, వేడిని తట్టుకునే బ్రేక్ గ్రీజు పలుచగా రాయండి. లోతుగా ఉంటే ప్లేటు మార్చాలి. గ్రీజు లైనింగు మీద ఒక్క చుక్క కూడా పడకూడదు.

డ్రమ్ము లోపల గరిష్ఠ వ్యాసం ఎంతో దాని మీదే పోతపోసి ఉంటుంది, కొలిచి చూసుకోండి. షూలు మార్చాల్సి వస్తే రెండు చక్రాలకూ ఒకేసారి మార్చండి. ఎడమ అడ్జస్టర్‌నూ కుడి అడ్జస్టర్‌నూ తారుమారు చేయకండి. సాధారణంగా వాటి మరలు వ్యతిరేక దిశల్లో ఉంటాయి, మారిపోతే షూలను డ్రమ్ముకు దగ్గర చేయాల్సింది దూరం చేస్తుంది.

బ్రేకు వేసినప్పుడే లాక్ అవుతుంటే

లైనింగు మీద బ్రేక్ ఆయిలో, యాక్సిల్ సీలు కారిన నూనెనో పడితే జారాల్సింది పోయి చాలాసార్లు హఠాత్తుగా పట్టుకుంటుంది. నూనె పీల్చిన షూను కడిగి లాభం లేదు, కారుతున్నది బాగుచేసి షూలు మార్చండి. షూలు పొడిగా ఉండి రెండు చక్రాలూ జారుతుంటే వెనక ఒత్తిడిని తగ్గించే కవాటాన్ని చూడండి. కొన్ని కార్లలో అది వెనక యాక్సిల్‌కు ఒక కడ్డీతో కలిపి ఉంటుంది, బరువును బట్టి పనిచేస్తుంది. ఆ కడ్డీ తుప్పుపట్టి నిండు బరువు స్థానంలో ఉండిపోతే ఖాళీ కారుకు కూడా వెనక పూర్తి ఒత్తిడి వెళుతుంది. ముందు బ్రేకులు బలహీనపడినా వెనకవి ముందే లాక్ అయినట్టు అనిపిస్తుంది. రాత్రంతా తడిలో నిలిపిన కారు ఉదయం మొదటి బ్రేకుకు గట్టిగా పట్టి, తర్వాత మామూలైతే అది పలుచటి తుప్పు పొర, పట్టించుకోనక్కరలేదు. ఏబీఎస్ (చక్రం లాక్ కాకుండా చూసే ఏర్పాటు) ఉన్న కారులో చక్రం నిజంగా లాక్ అయి జారుతుంటే డ్యాష్‌బోర్డు మీద ఏబీఎస్ దీపం చూడండి.

బిగించాక

ముందు షూలను అడ్జస్టర్‌తో సర్దండి: చక్రం చేత్తో తిప్పితే తేలికగా తిరుగుతూ, లైనింగు రాసుకునే సన్నని శబ్దం వినీ వినిపించనట్టు ఉండాలి. కేబుల్ బిగింపు ఆ తర్వాతే. షూలు అరిగి హ్యాండ్ బ్రేక్ లీవర్ పైకి వస్తోందని కేబుల్‌ను బిగిస్తూ పోవడం చాలా చోట్ల అలవాటు. దానివల్ల లోపలి చిన్న లీవర్ తన ఆనుడు మీద కూర్చోదు, ఆటో అడ్జస్టర్ పనిచేయడం మానేస్తుంది, చివరికి షూలు డ్రమ్మును వదలకుండా పట్టుకుంటాయి.

గాలి తీసి, పెడల్ గట్టిగా ఉందని చూసుకుని, చక్రాలను నేలకు దించి నట్లు బిగించండి. ఖాళీ చోట నెమ్మదిగా నడిపి కొన్నిసార్లు బ్రేకు వేయండి. తర్వాత కొద్ది దూరం బ్రేకు దాదాపు వాడకుండా నడిపి, కారు తనంతట తాను ఆగేలా వదిలేసి, రెండు వెనక చక్రాల దగ్గరా చేతిని దగ్గరగా పెట్టి వేడి పోల్చండి. ఒకటి రెండోదాని కంటే స్పష్టంగా వేడిగా ఉంటే, ఆ చక్రాన్ని మళ్లీ జాకీ మీదికి ఎత్తి కేబుల్ పరీక్షతో మొదలుపెట్టండి.